తుఫాను నంబర్ గాలిది.. ప్రాణం తీసేది నీళ్లు

ఈ ఎపిసోడ్ ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం.

2013 నవంబర్‌లో ఫిలిప్పీన్స్ మీదకి హైయాన్ అనే టైఫూన్ వచ్చింది. దాని గాలి వేగం ఎంత? అమెరికా మిలిటరీ నడిపే టైఫూన్ సెంటర్ గంటకి 315 కిలోమీటర్లు అని చెప్పింది. జపాన్ వాతావరణ సంస్థ 230 అని చెప్పింది. టైఫూన్ ఒక్కటే, నంబర్లు రెండు, మధ్యలో 85 కిలోమీటర్ల తేడా. ఇద్దరిలో ఎవరూ తప్పు చెప్పలేదు. ఎందుకో కాసేపట్లో చూద్దాం.

అయితే అసలు విషయం వేరే ఉంది. హైయాన్‌లో అధికారిక లెక్క ప్రకారం 6,300 మంది చనిపోయారు, వెయ్యి మందికి పైగా ఆచూకీ దొరకలేదు. ఇందులో ఎక్కువమందిని చంపింది గాలి కాదు, నీళ్లు. అంటే టీవీల్లో, ట్విట్టర్‌లో అందరూ షేర్ చేసిన ఆ పెద్ద నంబర్ 315, జనాన్ని చంపిన దాన్ని కొలవనే లేదు. ఈరోజు మాట్లాడుకునేది దీని గురించే. తుఫానుకి మనం ఇచ్చే గ్రేడ్ ఏం చెప్తుంది, ఏం చెప్పదు? ఆ చెప్పని దాని వల్ల చరిత్రలో ఏం జరిగింది?

టైఫూన్, తుఫాను, సైక్లోన్

ముందు పేర్ల గొడవ తేల్చేద్దాం. టైఫూన్, హరికేన్, సైక్లోన్ మూడూ ఒకటే. పుట్టే సముద్రం మారితే పేరు మారుతుంది. పసిఫిక్‌లో పడమటి వైపు, అంటే ఫిలిప్పీన్స్, జపాన్, చైనా, వియత్నాం వైపు పుడితే టైఫూన్. అట్లాంటిక్‌లో పుడితే హరికేన్. మన బంగాళాఖాతంలో, అరేబియా సముద్రంలో పుడితే సైక్లోన్. మెకానిజంలో తేడా ఏం లేదు. సముద్రం పైన నీళ్లు 26, 27 డిగ్రీలకి మించి వేడెక్కాలి. ఆ వేడి తేమగా గాల్లోకి లేవాలి. భూమి తిరగడం వల్ల ఆ గాలి సుడి తిరగాలి. మధ్యలో ప్రశాంతంగా ఉండే కన్ను, దాని చుట్టూ అన్నిటికంటే భయంకరమైన మేఘాల గోడ. భూమధ్యరేఖకి ఉత్తరాన ఉన్న మన వైపు ఈ సుడి ఎప్పుడూ గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది. ఈ ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకోండి, తర్వాత చాలా పనికొస్తుంది.

ఇంకో సరదా సంగతి. మన "తుఫాను", ఇంగ్లీషు వాళ్ల "టైఫూన్" చుట్టాలే. అరబ్బీ, పారసీ భాషల్లో "తూఫాన్" ఉంది, మనకి వచ్చింది అక్కడి నుంచే. చైనా దక్షిణ తీరంలో "తాయ్ ఫుంగ్" అంటే పెద్ద గాలి. హిందూ మహాసముద్రం దాటిన వర్తకులు, పోర్చుగీసు నావికులు ఈ మాటల్ని మోసుకెళ్లారు, అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఇంగ్లీషులో టైఫూన్ అయిందని భాషా పరిశోధకులు చెప్తారు.

మరి "సైక్లోన్" అనే మాట? అది పుట్టింది మన దేశంలోనే. 1848లో కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన నావికుల కోసం ఒక పుస్తకం రాశాడు. ఆయన ఓడల లాగ్ బుక్కులన్నీ తెప్పించుకుని చదివేవాడు. ఏ గంటకి గాలి ఎటు నుంచి వీచింది, ఓడ ఎక్కడుంది, ఇవన్నీ మ్యాప్ మీద పెట్టి చూశాడు. ఈరోజు భాషలో చెప్పాలంటే లాగ్ ఫైల్స్ మీద డేటా ఎనాలిసిస్ చేశాడు. ఈ గాలులు పాము చుట్టలా తిరుగుతున్నాయని అర్థమై, గ్రీకు మాట నుంచి "సైక్లోన్" అనే పేరు తయారుచేశాడు.

పిడింగ్టన్‌కి గాలి మీద ఎంత శ్రద్ధ ఉందో, సముద్రం మీద అంతే ఉంది. ఆయన రాతల్లో మన కాకినాడ దగ్గర కోరింగ కూడా ఉంది. 1789 డిసెంబర్‌లో, మళ్లీ 1839 నవంబర్‌లో కోరింగ రేవుని సముద్రం ముంచేసింది. 1789లో వరసగా మూడు పెద్ద అలలు వచ్చాయని చెప్తారు. ఒకప్పుడు ఓడలు కట్టిన ఊరు అది. ఇప్పుడు వెళ్తే మడ అడవుల మధ్య బోట్ షికారు చేసి వస్తాం.

1853లో పిడింగ్టన్ ఇంకో పని చేశాడు. కలకత్తాకి దక్షిణాన మాట్లా నది మీద కొత్త రేవు కట్టాలని ఆంగ్లేయులు ప్లాన్ వేస్తుంటే, వద్దని గవర్నర్ జనరల్ డల్హౌసీకి లేఖ రాశాడు. ఏదో ఒక రోజు తుఫానుతో పాటు సముద్రం లోపలికొచ్చి దాన్ని తుడిచేస్తుందన్నాడు. ఎవరూ వినలేదు, పోర్ట్ కానింగ్ కట్టారు. 1867 నవంబర్‌లో తుఫాను వచ్చింది, సముద్రం లోపలికొచ్చింది, రేవు పోయింది. అప్పటికి పిడింగ్టన్ చనిపోయి తొమ్మిదేళ్లు.

అంటే తుఫానులో అసలు ప్రమాదం నీళ్లు అని 170 ఏళ్ల క్రితమే తెలుసు. మరి గ్రేడులు ఇచ్చేటప్పుడు గాలినే ఎందుకు కొలుస్తున్నాం?

గ్రేడు ఎలా ఇస్తారు?

గాలిని కొలవడం తేలిక కాబట్టి. తుఫాను సముద్రం మధ్యలో ఉన్నప్పుడే శాటిలైట్ ఫోటో చూసి గాలి ఎంతుందో అంచనా వేయొచ్చు. ఒక్క నంబర్ చాలు, దాన్ని బట్టి క్లాసు చెప్పేయొచ్చు.

మన ఐఎండీ లెక్క ఇలా ఉంటుంది. గాలి గంటకి 31 కిలోమీటర్లు చేరితే వాయుగుండం. 50 దాటితే తీవ్ర వాయుగుండం. 62 చేరితే తుఫాను, అప్పుడే దానికి పేరు పెడతారు. 89 నుంచి తీవ్ర తుఫాను, 118 నుంచి అతి తీవ్ర తుఫాను. 167 నుంచి ఇంకో మెట్టు పైకి, 222 చేరితే సూపర్ సైక్లోన్. 1999లో ఒడిశాకి వచ్చింది అదే.

జపాన్ వాళ్లకి 62 దగ్గర ట్రాపికల్ స్టార్మ్, 89 దగ్గర తీవ్రమైన స్టార్మ్, 118 దాటితే టైఫూన్. హాంకాంగ్ 185 దాటితే సూపర్ టైఫూన్ అంటుంది. అమెరికా టైఫూన్ సెంటర్ అయితే 240 చేరాకే సూపర్ అంటుంది. ఇక అమెరికన్ న్యూస్‌లో మీరు వినే కేటగిరీ 1 నుంచి 5 ఉంది కదా, అది 119 దగ్గర మొదలై, 252 దగ్గర కేటగిరీ 5 అవుతుంది.

ఇప్పుడు మొదట్లో వేసిన ప్రశ్నకి వద్దాం. 315, 230.. ఈ తేడా ఎందుకొచ్చింది? సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది వెంటనే వెలుగుతుంది. సర్వర్ మీద సీపీయూ వాడకం ఎంత అని అడిగితే, ఒక నిమిషం సగటు తీస్తే ఒక నంబర్ వస్తుంది, పది నిమిషాల సగటు తీస్తే ఇంకో నంబర్ వస్తుంది. టైమ్ పెరిగేకొద్దీ పీక్స్ కరిగిపోతాయి. గాలి కూడా అంతే. అమెరికా వాళ్లు ఒక నిమిషం సగటు తీస్తారు. జపాన్ వాళ్లు పది నిమిషాల సగటు తీస్తారు. మన ఐఎండీ మూడు నిమిషాలది తీస్తుంది. దానికి తోడు హైయాన్ అంత బలంగా ఉన్నప్పుడు లోపలికెళ్లి కొలిచిన విమానం లేదు, శాటిలైట్ అంచనాలే. అందుకని అంకెల్లో అంత తేడా వచ్చింది.

కాబట్టి ఎవరైనా "మన తుఫాను 215, ఆ టైఫూన్ 260, అదే పెద్దది" అని రీల్ పెడితే, ముందు ఎన్ని నిమిషాల సగటో అడగండి. రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం. గాలి సరే, నీళ్లెంత?

టాక్లోబాన్, నవంబర్ 8

హైయాన్ అనే పేరు చైనా ఇచ్చింది, ఒక సముద్రపు పక్షి పేరు. ఫిలిప్పీన్స్ వాళ్లు తమ దగ్గరికొచ్చే ప్రతి టైఫూన్‌కి సొంత పేరు పెట్టుకుంటారు. వాళ్లు దీన్ని యోలాండా అన్నారు. ఏటా ఇరవై దాకా వాళ్ల సముద్రంలోకి వస్తాయి. అంటే టైఫూన్ అంటే తెలియని జనం కాదు. మనకి వడగాల్పులు ఎంత అలవాటో, వాళ్లకి టైఫూన్లు అంత అలవాటు.

టాక్లోబాన్ అనేది లేతె దీవిలో పెద్ద నగరం, అప్పటికి జనాభా దాదాపు 2 లక్షల 20 వేలు. మ్యాప్‌లో చూడండి. తూర్పున లేతె గల్ఫ్, పైకి వెళ్లేకొద్దీ అది సన్నబడి సాన్ పెద్రో అనే అఖాతం అవుతుంది. ఆ అఖాతం చివర, సరిగ్గా గరాటు మూతి దగ్గర ఉంది టాక్లోబాన్. ఎయిర్‌పోర్ట్ అయితే సముద్రంలోకి పొడుచుకెళ్లిన సన్నటి నేల మీద ఉంది.

హెచ్చరిక రాలేదా? వచ్చింది. వాతావరణ సంస్థ పగాసా అప్పట్లో ఉన్న అన్నిటికంటే పెద్ద సిగ్నల్, 4వ నంబర్, ఎగరేసింది. సముద్రం 7 మీటర్ల దాకా లేవొచ్చని బులెటిన్‌లో రాసింది. ముందురోజు సాయంత్రం దేశాధ్యక్షుడు బెనిగ్నో అకినో టీవీలో జనంతో మాట్లాడారు. ఇద్దరు మంత్రులు ముందే టాక్లోబాన్ వెళ్లి కూర్చున్నారు. వేలమంది షెల్టర్లకి కూడా వెళ్లారు.

నవంబర్ 8 తెల్లవారుజామున 4:40కి హైయాన్ సమార్ దీవిలో గియువాన్ దగ్గర తీరాన్ని తాకింది. అక్కడి నుంచి లేతె గల్ఫ్ దాటి, టాక్లోబాన్‌కి కాస్త దక్షిణంగా లేతె మీదకొచ్చింది. మొదట ఉత్తరం వైపు నుంచి గాలి వీచింది. ఆ గాలి అఖాతంలో నీళ్లని బయటికి తోసింది, ఒడ్డున నీళ్లు వెనక్కి వెళ్లాయి. తుఫాను ముందుకి కదిలేకొద్దీ గాలి తిరిగింది, తూర్పు, ఆగ్నేయం నుంచి కొట్టడం మొదలైంది. వెళ్లిన నీళ్లు, వాటితో పాటు గల్ఫ్‌లో నీళ్లు, అన్నీ గరాటులోకి దూసుకొచ్చాయి. నగరంలో నీళ్లు 5, 6 మీటర్లు లేచాయి. అంటే రెండంతస్తుల ఇల్లు.

గాలికి భయపడి జనం ఏం చేశారు? కిటికీలు బిగించుకుని ఇంట్లో కింది గదిలో కూర్చున్నారు. గాలికి అది సరైన పని. నీళ్లకి అదే ప్రాణాంతకం. షెల్టర్లలో కొన్ని సముద్రం పక్కనే ఉన్నాయి. గాలికి నిలబడతాయని వాటిని ఎంచుకున్నారు. వాటిలోకే నీళ్లొచ్చాయి, అక్కడే కొందరు మునిగిపోయారు. సాన్ హోసే అనే తీరపు పేట తుడిచిపెట్టుకుపోయింది. పెద్ద పెద్ద ఓడలు కొట్టుకొచ్చి ఇళ్ల మీద కూర్చున్నాయి. అనిబాంగ్ దగ్గర అలా వచ్చిన ఒక ఓడ ముందు భాగాన్ని ఇప్పటికీ స్మారకంగా ఉంచారు. ఒక్క టాక్లోబాన్‌లోనే 2 వేల మందికి పైగా పోయారు.

ఆ మాట అర్థం కాలేదు

తర్వాత బతికినవాళ్లని అడిగితే చాలామంది ఒకే మాట చెప్పారు. "స్టార్మ్ సర్జ్ అన్నారు, అదేంటో మాకు తెలీదు. సునామీ అని ఉంటే పరిగెత్తేవాళ్లం."

ఒక్క నిమిషం ఆగి ఇది ఆలోచించండి. సమాచారం ఉంది. అంచనా దాదాపు కరెక్ట్‌గానే ఉంది. టీవీ ఉంది, రేడియో ఉంది, ఫోన్ ఉంది. సందేశం చేరింది, అర్థం చేరలేదు. వాళ్ల భాషలో వాడుకలో ఉన్న మాట కాకుండా ఇంగ్లీషు టెక్నికల్ టర్మ్ వచ్చింది. "స్టార్మ్" విన్నారు, మళ్లీ టైఫూనే కదా అనుకున్నారు. "సర్జ్" దగ్గర ఆగి ఆలోచించినవాళ్లు తక్కువ.

ఇంకా బాధ కలిగించే సంగతి ఏంటంటే, ఇది అక్కడ మొదటిసారి కాదు. 1897 అక్టోబర్‌లో ఇదే సమార్, లేతె దీవుల మీద ఇలాంటి టైఫూనే వచ్చి, ఇలాగే సముద్రం లోపలికొచ్చింది. వెయ్యి మందికి పైగా పోయారు. మనీలా అబ్జర్వేటరీలో పనిచేసిన హోసే అల్గుయే అనే జెసూట్ ఫాదర్ దాని మీద ప్రత్యేకంగా నివేదిక రాశాడు. ఆ నివేదిక లైబ్రరీల్లో ఉంది. 116 ఏళ్ల తర్వాత సాన్ హోసేలో ఉన్నవాళ్లకి అది తెలిసే దారి లేదు. చరిత్ర పుస్తకంలో ఉంటే సరిపోదు ఫ్రెండ్స్, ఊరి నోట్లో ఉండాలి.

దీనికి ఎదురుగా ఇంకో ఊరు చూడండి. లేతెకి పడమటి వైపు కామోటెస్ దీవుల్లో తులాంగ్ దియోట్ అనే చిన్న దీవి ఉంది. జనం వెయ్యి మంది. ముందురోజే అందరినీ పడవల్లో పెద్ద దీవికి తరలించారు. హైయాన్ వచ్చింది, అక్కడి ఇళ్లన్నీ, దాదాపు 500, పోయాయి. మనిషి ఒక్కరు కూడా పోలేదు. అక్కడ పేటల వారీగా జనమే కమిటీలుగా ఉండి ప్రమాదాల గురించి ఏడాది పొడుగునా మాట్లాడుకునే పద్ధతి ఉంది. అదే టైఫూన్, అదే దేశం. తేడా ఎక్కడుందో చూశారుగా.

ఉప్పెన ఎలా పుడుతుంది?

స్టార్మ్ సర్జ్‌కి తెలుగులో మాట ఉంది. ఉప్పెన. మన జనరేషన్‌కి ఆ మాట వింటే సినిమా గుర్తొస్తుంది. దివిసీమలో పెద్దవాళ్లకి మాత్రం వేరే గుర్తొస్తుంది. అక్కడికి వెళ్లేముందు అసలు ఇది ఎలా వస్తుందో చూద్దాం.

చాలామంది అనుకునేది, తుఫాను మధ్యలో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి సముద్రం పైకి లేస్తుందని. నిజమే, కానీ అది చిన్న భాగం. ఒత్తిడి ఒక యూనిట్, అంటే ఒక హెక్టోపాస్కల్ తగ్గితే నీళ్లు ఒక సెంటీమీటర్ లేస్తాయి. హైయాన్‌లో ఒత్తిడి 895కి పడిపోయింది, మామూలుగా ఉండేది 1,010 దగ్గర. అంటే ఆ లెక్కన మీటర్ చిల్లరే. మిగతాదంతా గాలి తోసిన నీళ్లు.

లోతైన సముద్రంలో గాలి నీళ్లని తోస్తే, ఆ నీళ్లు కిందికి దిగి వెనక్కి వెళ్లిపోతాయి. తీరం దగ్గర లోతు తక్కువైతే కిందికి దిగే చోటు లేదు, పైకే రావాలి. అందుకే లోతు తక్కువ ఉన్న తీరాలకి ఉప్పెన ఎక్కువ. బంగాళాఖాతం తల దగ్గర బంగ్లాదేశ్ అలాంటిదే. 1970లో అక్కడ భోలా తుఫాను ఉప్పెనలో మూడు లక్షలకి తక్కువ కాకుండా చనిపోయారు. దానికి తోడు అఖాతం గరాటులా ఉంటే ఇంకా పైకి, ఆ సమయానికి పోటు ఉంటే ఇంకా పైకి.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న పాయింట్ ఇప్పుడు తీయండి. సుడి గడియారానికి ఎదురుగా తిరుగుతుంది కదా. తుఫాను నడిచే దారిలో మనమూ దాంతో పాటు ముందుకి నడుస్తున్నామనుకోండి. మన కుడి చేతి వైపు గాలి సముద్రం నుంచి నేల మీదకి కొడుతుంది. ఎడమ వైపు నేల నుంచి సముద్రం మీదకి వెళ్తుంది. అందుకే ఉప్పెన ఎక్కువగా కుడి వైపే. హైయాన్ పడమటికి నడిచింది, టాక్లోబాన్ దానికి ఉత్తరాన, అంటే కుడి వైపు ఉంది.

ఇంకో విషయం. ఉప్పెన అంటే ఒక పెద్ద అల కాదు. అల వస్తుంది, పోతుంది. ఉప్పెనలో సముద్ర మట్టమే లేచి నిలబడుతుంది, గంటల పాటు. దాని పైన మళ్లీ అలలు కొడతాయి. ఒక ఘనపు మీటర్ నీళ్లు అంటే దాదాపు టన్ను బరువు. వేగంగా పారే నీళ్లు చీలమండ దాటితే చాలు మనిషి పడిపోవచ్చు, మోకాలు దాటితే కారు తేలిపోతుంది.

స్కేల్‌లోంచి నీళ్లని తీసేశారు

అమెరికా వాళ్ల కేటగిరీ స్కేల్‌కి మంచి చరిత్ర ఉంది. హెర్బర్ట్ సాఫిర్ అని ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్. 1969 ప్రాంతంలో ఐక్యరాజ్యసమితి పని మీద తక్కువ ఖర్చు ఇళ్ల గురించి స్టడీ చేస్తూ, ఎంత గాలికి ఎంత నష్టమో 1 నుంచి 5 దాకా మెట్లు కట్టాడు. హరికేన్ సెంటర్ డైరెక్టర్ రాబర్ట్ సింప్సన్ దానికి ఒక్కో మెట్టుకి ఎంత ఉప్పెన రావొచ్చో కలిపాడు. సాఫిర్-సింప్సన్ స్కేల్ అలా వచ్చింది.

కానీ లెక్క కుదరలేదు. 2004లో చార్లీ అనే హరికేన్ కేటగిరీ 4గా ఫ్లోరిడా తీరాన్ని తాకింది. ఉప్పెన రెండు మీటర్లే. మరుసటి ఏడాది కత్రినా కేటగిరీ 3గా తీరం దాటింది. మిసిసిపి తీరంలో ఉప్పెన 8 మీటర్లు దాటింది. నంబర్ చిన్నది, నీళ్లు నాలుగు రెట్లు. ఎందుకంటే చార్లీ చిన్న సుడి, కత్రినా చాలా వెడల్పైంది, పైగా అక్కడ తీరం లోతు తక్కువ. గాలి వేగం ఒక్కటే చూసి ఉప్పెన చెప్పలేమని తేలిపోయింది. 2010లో ఆ స్కేల్‌లోంచి ఉప్పెన అంకెల్ని తీసేసి, పేరులోనే "విండ్ స్కేల్" అని పెట్టారు. 2017 నుంచి ఉప్పెనకి విడిగా వార్నింగ్ ఇస్తున్నారు. 1963 నుంచి 2012 దాకా అమెరికాలో ఇలాంటి తుఫానుల్లో నేరుగా పోయిన ప్రాణాల లెక్క తీస్తే, సగం దాకా ఉప్పెన వల్లే. గాలి వల్ల పోయినవాళ్లు పదో వంతు కూడా లేరు.

ఫిలిప్పీన్స్ కూడా మారింది. 2015లో సిగ్నల్ 5, సూపర్ టైఫూన్ క్లాసు తెచ్చారు. అంతకంటే ముఖ్యమైన మార్పు, ఉప్పెనకి వేరే హెచ్చరిక, దాంట్లో మీటర్లు, ఊళ్ల పేర్లు. "దలుయోంగ్" అనే సొంత మాట కూడా ముందుకి తెచ్చారు.

మన దివిసీమ, మన మాట

1977 నవంబర్ 19. తుఫాను చీరాల, బాపట్ల వైపు తీరం దాటింది. సముద్రం మాత్రం దివిసీమని మింగింది. ఎందుకు? తుఫాను దారికి కుడి వైపున ఉంది కాబట్టి. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపు దాదాపు 5 మీటర్ల నీళ్లు కిలోమీటర్ల కొద్దీ లోపలికొచ్చాయి. పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్లలో ఇంటికొకరు మిగిలితే ఎక్కువ. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేల దాకా. టాక్లోబాన్ కథని తెలుగు నేల 36 ఏళ్ల ముందే చూసేసింది.

ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి, లేకపోతే కథ సగమే. 1990 మేలో దాదాపు అంత బలమైన తుఫానే మళ్లీ కృష్ణా తీరానికి వచ్చింది. ఈసారి లక్షన్నర మందికి పైగా ముందే ఖాళీ చేయించారు. 967 మంది పోయారు. అదీ పెద్ద సంఖ్యే, కానీ 1977తో పోల్చి చూడండి. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఒడిశా, శ్రీకాకుళం వైపు పది లక్షల మంది దాకా కదిలారు. చనిపోయినవాళ్లు పదుల్లోనే. సరిగ్గా 27 రోజుల తర్వాత హైయాన్. రెండిటి ఉప్పెన ఒకటి కాదు, హైయాన్‌ది చాలా ఎక్కువ, ఆ తేడా ఒప్పుకోవాలి. కానీ నీళ్లని చూసి జనాన్ని కదిలిస్తే ప్రాణాలు మిగులుతాయని ఫైలిన్ చూపించింది.

అయితే ఇప్పుడు నాకున్న భయం ఒకటే. 1977ని కళ్లతో చూసినవాళ్లు తగ్గిపోతున్నారు. మనం న్యూస్‌లో ఏం వింటున్నాం? "స్టార్మ్ సర్జ్ ఎఫెక్ట్", "అలలు మీటరు ఎత్తున ఎగసిపడతాయి". ఉప్పెన అనే మాట సినిమా టైటిల్‌లో ఉంది, బులెటిన్‌లో తగ్గుతోంది. మాట పోతే ఏమవుతుందో టాక్లోబాన్ చెప్పింది.

మరి ఫోన్‌లో తుఫాను వార్త వస్తే?

నాలుగు విషయాలు చూడండి. ఒకటి, గ్రేడు చూసి అక్కడే ఆగొద్దు, ఉప్పెన ఎన్ని మీటర్లు అన్నారో వెతకండి. ఐఎండీ బులెటిన్‌లో అది జిల్లాల పేర్లతో ఉంటుంది. రెండు, ఆ మీటర్లు మామూలు పోటు మట్టం పైన లెక్క, మీ గుమ్మం పైన కాదు. అదే సమయానికి పోటు ఉంటే రెండూ కలుస్తాయి. మూడు, తుఫాను ఎక్కడ తీరం దాటుతుందో చూసి, మీ ఊరు దానికి కుడి వైపా, ఎడమ వైపా చూసుకోండి. ఎడమ వైపైతే ప్రమాదం లేదని కాదు, వర్షం, గాలి ఉంటాయి, దారి చివరి గంటల్లో మారొచ్చు కూడా. నాలుగు, గాలి నుంచి దాక్కోవచ్చు, నీళ్ల నుంచి మాత్రం దూరంగా, ఎత్తుకి వెళ్లాలి. ఖాళీ చేయమంటే వెలుతురు ఉండగానే కదలాలి.

ఇంకో చిన్న క్లారిటీ. "మచిలీపట్నంలో మూడో నంబర్ ప్రమాద హెచ్చరిక" అని స్క్రోలింగ్ వస్తుంది కదా, 1 నుంచి 11 దాకా, అది ఓడల కోసం. 5, 6, 7 ప్రమాదం. 8, 9, 10 పెను ప్రమాదం. ఆ మూడు నంబర్ల మధ్య తేడా, తుఫాను రేవుకి ఏ పక్కగా వెళ్తుంది, లేక మీదుగానే వెళ్తుందా అన్నది. 11 అంటే ఇంకా పెద్ద తుఫాను అని కాదు, హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. దాన్ని తుఫాను గ్రేడు అనుకుని వాట్సాప్‌లో పంచేవాళ్లు చాలామంది ఉన్నారు.

మీ ఇంట్లోనో, బంధువుల్లోనో కోస్తా ఊళ్లలో ఉన్న పెద్దవాళ్లుంటే ఈ వారం ఒక పని చేయండి. 1977లో, 1990లో, 1996 కోనసీమ తుఫానులో మీ ఊళ్లో నీళ్లు ఎంతవరకు వచ్చాయని అడగండి. ఏ గుడి మెట్టు దాకా, ఏ కరకట్ట దాకా? వాళ్లు చెప్పేది ఫోన్‌లో రికార్డ్ చేసి, ఆ చోటు ఫోటో తీసి పెట్టుకోండి, ఊరి గ్రూప్‌లో పెట్టండి. 315 అనే నంబర్ కంటే ఆ మెట్టు మీ ఊరికి ఎక్కువ పనికొస్తుంది.

ఈ ఎపిసోడ్ తీర ప్రాంతంలో ఉన్న ఒక్కరికైనా పంపండి. మీ ఊరి ఉప్పెన గుర్తులు కామెంట్స్‌లో రాయండి.